మన ఇంటి చావుకు వచ్చిన మనిషి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నియోజకవర్గం మాజీ ఎమ్మెల్యే పోయిన నెల చనిపోయారు. ఆయన ఆఖరిసారి గెలిచి పదిహేనేళ్లు దాటింది, చేతిలో ఏ పదవీ లేదు, అయినా జనం విరగబడి వచ్చారు. మీ అమ్మ మిరపకాయ ఏరే కూలి వదులుకుని, నలుగురు ఆడవాళ్లతో కలిసి ఆటో మాట్లాడుకుని పోయింది. అక్కడ ఏడ్చింది, రాత్రి అన్నం తినకుండా పడుకుంది. ఆమెకు ఆయనతో ముఖపరిచయం కూడా లేదని నువ్వు అనుకుంటున్నావు. ఇది నిజం ఏడుపా, పక్కవాళ్లను చూసి వచ్చిన ఏడుపా, అసలు అది తోలుకొచ్చిన జనమేనా అని అడిగావు. పైగా ఊళ్లో యూత్ వాళ్లు సంస్మరణ సభ బాధ్యత నీ నెత్తిన పెట్టారు, అది ఎట్లా చేయాలో చెప్పమన్నావు.

నేను హన్మకొండలో ఉంటాను. ముప్పై ఏళ్లకు పైగా విలేకరిగా పనిచేసి, చూపు మందగించాక మానుకున్నాను. పెళ్లిళ్లకంటే చావులకే ఎక్కువ తిరిగిన పని అది. సర్పంచు దగ్గర్నుంచి మంత్రి దాకా ఎన్ని అంతిమయాత్రల వెంట నడిచానో నాకే లెక్క లేదు. అందుకని నీ మొదటి ప్రశ్నకే ఎక్కువ చెబుతాను. సభ సంగతి చివర్లో చూద్దాం. అందులో సగం టెంట్ హౌస్ వాడే చెబుతాడు.

ముందు తోలుకొచ్చిన జనం మాట. తోలుకొస్తారు, దాచేదేముంది. బహిరంగ సభకు డీసీఎం వ్యాన్లు, ట్రాక్టర్లు పెట్టినట్టే, పెద్ద నాయకుడు పోతే మండలానికి ఇన్ని బండ్లని పెడతారు. కానీ సభకు వచ్చిన జనానికీ చావుకు వచ్చిన జనానికీ తేడా కంటికే కనబడుతుంది. సభలో ముఖ్య అతిథి మైకు పట్టుకోగానే వెనక వరసలు లేచి బండ్ల దిక్కు నడుస్తాయి, సీటు దొరకాలి కదా. చావులో ముఖం చూసేదాకా ఎవరూ కదలరు. ఎండలో రెండు గంటలు లైన్లో నిలబడి, ఫ్రీజర్ అద్దం మీద చెయ్యి పెట్టి, కానిస్టేబుల్ ‘నడువమ్మా, నడువు’ అంటున్నా ఒక్క క్షణం ఆగి, అప్పుడు బయటికి వస్తారు. వచ్చిన బండి వెళ్లిపోతే నడిచిపోతారు. బండి ఎవరు పెట్టారన్నది ఒక లెక్క, అందులో ఎందుకు ఎక్కారన్నది ఇంకో లెక్క.

ఎందుకు ఎక్కారో నాకు తెలిసింది ఒక ముసలామె వల్ల. నర్సంపేట దిక్కు ఒక ఊళ్లో, చాలా ఏళ్ల కిందటి సంగతి. రెండుసార్లు గెలిచి, రెండుసార్లు ఓడిన ఒకాయన చనిపోయాడు. పొద్దు గూకేసరికి అంతా అయిపోయింది. జనం పోయారు, బందోబస్తు పోలీసులు లాఠీలు బండిలో వేసుకుంటున్నారు. నేను ఎస్టీడీ బూత్ నుంచి వార్త చెప్పి వచ్చి టీ తాగుతున్నాను. అప్పుడు వచ్చిందామె. బస్సు తప్పిపోయిందట. ఒక చేతిలో కొబ్బరికాయ, ఇంకో చేతిలో ఊదుబత్తుల ప్యాకెట్. ఐస్ గడ్డలు కరిగి వాకిట్లో ఇంకా తడి ఆరలేదు. మనిషి లేడని తెలిసి, ఆ తడి ముందరే కూర్చుని శోకం తీసింది.

‘నా బర్రె కరెంటు తీగ తలిగి సచ్చిన్నాడు వస్తివి కొడుకా… పెండల నిలవడితివి కొడుకా… నీకు మంచినీళ్లన్న ఇయ్యకపోతిని కొడుకా…’

నేను చెప్పిన వార్తలో ఆయన ఎన్నిసార్లు గెలిచిందీ, ఏయే చెరువులకు మరమ్మతులు చేయించిందీ, ఏ రోడ్డు వేయించిందీ అన్నీ ఉన్నాయి. బర్రె లేదు. తర్వాత ఆరా తీస్తే, ఆ బర్రెకు నష్టపరిహారం కూడా ఆయనే తిరిగి ఇప్పించాడని తెలిసింది. ఆమె శోకంలో మాత్రం పైసల మాటే రాలేదు. వచ్చాడన్న మాటే వచ్చింది, నీళ్లియ్యలేదన్న బాధే వచ్చింది. ఆ తర్వాత ఏ నాయకుడి చావుకు పోయినా నేను నోట్‌బుక్ తీసి మొదట ఆడవాళ్ల శోకాలే రాసుకునేవాణ్ని. మా డెస్కు వాళ్లు నవ్వేవాళ్లు. కానీ ఆయన బతుకులో జనానికి ఏం ముట్టిందో వాటిలో ఉన్నంత స్పష్టంగా పార్టీ ఆఫీసు ఇచ్చే బయోడేటాలో ఎన్నడూ లేదు.

మన దిక్కు పెళ్లికి పిలుపు కావాలి, చావుకు కబురు చాలు. పెళ్లికి రానోడి మీద అలుగుతారు, మళ్లీ దసరాకు జమ్మి పెట్టుకుంటే పోతుంది. చావుకు రానోడి సంగతి మనవడి కాలం దాకా చెప్పుకుంటారు. ఈ లెక్క నాయకులకు మనకంటే బాగా తెలుసు. ఎమ్మెల్యే ఇంట్లో పొద్దు ఎట్లా మొదలవుతుందో దగ్గర్నుంచి చూశాను. ఆరున్నరకే హాలు నిండుతుంది. పింఛను రాలేదని ఒకరు, ట్రాన్స్‌ఫర్ కావాలని ఒకరు, ఎంజీఎం ఆసుపత్రిలో బెడ్డు ఇప్పించమని ఒకరు. మూలకు పీఏ కాగితం పట్టుకుని నిలబడతాడు. ఇవాళ పెళ్లిళ్లు ఇన్ని, చావులు ఇన్ని, పదకొండొద్దులు ఇన్ని. మూఢంలో పెళ్లిళ్లు ఆగుతాయి గాని చావులు ఆగవు. ఏడాది పొడవునా నడిచే కార్యక్రమం పరామర్శ ఒక్కటే.

అందులోనూ రెండు రకాలు. కొందరు కారు ఇంజిన్ ఆపరు. దండ వేసి, ఫొటో దిగి, కవరు చేతిలో పెట్టి, చెప్పులు విప్పకుండానే వెళ్లిపోతారు. ఆ కవరును జనం తీసుకుంటారు, కానీ లెక్కలో రాసుకోరు. ఇంకొందరు చాప మీద కూర్చుంటారు. ‘ఎట్లయింది?’ అని ఒక్క మాట అడిగి, ఇంటివాళ్లు మొదటి నుంచి చెబుతుంటే వింటారు. అప్పటికి ఆ కథ వాళ్లు యాభై మందికి చెప్పి ఉంటారు. యాభై ఒకటోసారి చెప్పుకోవడానికి ఒక పెద్దమనిషి దొరికాడు. పాలు లేని టీ ఇస్తే తాగుతాడు. పోయేటప్పుడు చిన్న పిల్లాడి తల మీద చెయ్యి పెడతాడు. ఇంతే. ఇరవై ఏళ్లలో ఇట్లా ఎన్ని చాపల మీద కూర్చున్నాడో, ఆయన పోయిన రోజు అన్ని ఇళ్లు లేస్తాయి. ఓడిపోయి పదిహేనేళ్లయినా లేస్తాయి, ఎందుకంటే చావు బాకీకి కాలం తీరడం ఉండదు.

మరి ఎన్నడూ ఇంటికి రాని ముఖ్యమంత్రి కోసం ఎందుకు ఏడ్చారు అని అడుగుతావు. 2009 సెప్టెంబర్ 2న వైఎస్ రాజశేఖర రెడ్డి ఎక్కిన హెలికాప్టర్ నల్లమలలో కనబడకుండా పోయినప్పుడు మన ఊళ్లలో కూడా టీవీ ఉన్న ఇంటి ముందర జనం రాత్రంతా కూర్చున్నారు. శవం దొరికింది మర్నాడు. ఆ మధ్య ఉన్న సమయం ఒక విచిత్రమైన సమయం, మన దింపుడు కల్లం లాంటిది. పాడె దించి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచినప్పుడు పలుకుతాడేమోనన్న ఆశ చూడు, అట్లాంటిది. వాళ్లలో ఆయన్ని దగ్గర్నుంచి చూసినవాళ్లు ఎందరుంటారు? కానీ అర్ధరాత్రి పురుటి నొప్పులకు 108 బండి వాకిట్లోకి వచ్చింది, ఆరోగ్యశ్రీ కార్డు మీద గుండె ఆపరేషన్ అయింది. అది కూడా ఇంటికి రావడమే. మనిషి రాలేదు, బండి వచ్చింది.

పరామర్శకు ఎంత బలం ఉందో ఆ తర్వాతి ఏడాదే చూశాం. ఆయన మరణం తట్టుకోలేక చనిపోయారన్న వాళ్ల ఇళ్లకు కొడుకు జగన్ ఓదార్పు యాత్ర మొదలుపెట్టాడు. మన దగ్గర అప్పుడు తెలంగాణ ఉద్యమం మంట మీద ఉంది. 2010 మే 28న మహబూబాబాద్ రైల్వే స్టేషన్‌లో రాళ్లు, కాల్పులు. చావు ఇంటికి పోవడం అనేది ఉత్త మర్యాదే అయితే దాన్ని ఆపడానికి అంత గొడవ ఎందుకు జరుగుతుంది? గడప తొక్కినవాడికి ఆ ఇంటి మీద ఒక హక్కు వస్తుందని రెండు పక్కలవాళ్లకూ తెలుసు.

ఇదంతా విని నాయకులంటే దేవుళ్లని నేను చెబుతున్నానని అనుకోకు. జనం కూడా అట్లా అనుకోరు. ‘తిన్నడు, కాదంటలేం. కానీ అడిగినోనికి పెట్టిండు’ అన్న మాట నేను శవం లేవకముందే ఆ ఇంటి ప్రహరీ బయట బీడీలు తాగుతున్న ముసలివాళ్ల దగ్గర ఎన్నోసార్లు విన్నాను. అన్నీ తెలిసే ఏడుస్తారు. ఇంకో సంగతి కూడా ఉంది, చెప్పుకోవడానికి కాస్త చేదుగా ఉంటుంది. ఆ ఏడుపులో కొంత భయం కూడా కలిసి ఉంటుంది. ఆయన నంబర్ ఫోన్లో ఉన్నన్నాళ్లూ ఒక ధైర్యం. కొడుకు బండి పోలీస్ స్టేషన్‌లో పెట్టుకుంటే, బిడ్డకు హాస్టల్ సీటు రాకపోతే, పట్టా పాసుబుక్కులో పేరు తప్పు పడితే, ‘సారుకు చెప్పుదాం’ అనేవాళ్లు. ఇప్పుడు ఎవరికి చెప్పాలి? దాన్ని స్వార్థం అంటావా? ఇంటి పెద్ద పోతే పిల్లలు ఏడ్చే ఏడుపులో కూడా అది ఉండదూ.

ఈ బాకీ వారసులకు బదిలీ అవుతుందనుకోవడం మాత్రం నాయకుల ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు. సిట్టింగ్ ఎమ్మెల్యే చనిపోతే ఆరు నెలల్లో ఉప ఎన్నిక వస్తుంది, సభ గడువు ఏడాదిలోపు ఉంటే తప్ప. దినాలు కాకముందే టికెట్ మాటలు మొదలవుతాయి. దుబ్బాక చూడు. సోలిపేట రామలింగారెడ్డి 2020 ఆగస్టులో పోయారు. విలేకరిగా, ఉద్యమకారుడిగా మొదలైన మనిషి, జనంలో మంచి పేరు. నవంబర్‌లో ఓట్లు లెక్కపెడితే పోటీ చేసిన ఆయన భార్య వెయ్యి పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. ఆగస్టులో ఏడ్చింది అబద్ధమని కాదు. ఏడుపు ఆయనకు ఇచ్చారు, ఓటు ఎవరికి ఇవ్వాలన్నది వేరే లెక్క.

పదవే లేని మనిషి కోసం ఊరు మొత్తం లేవడం నేను చూసింది 2011 జూన్ 21న. ఆ రోజు హన్మకొండలో ప్రొఫెసర్ జయశంకర్ గారు పోయారు. ఆత్మకూరు దగ్గర అక్కంపేటలో పుట్టిన మనిషి, కాకతీయ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా చేసిన మనిషి. 1969 ముందు నుంచీ ప్రత్యేక తెలంగాణ అన్న ఒకే మాట మీద నిలబడి, దాన్ని లెక్కలతో సహా విడమరిచి చెప్పుకుంటూ తిరిగారు. పెళ్లి చేసుకోలేదు. మన దిక్కు చావు ఇంటికి పోగానే మొదట ‘ఇంటివాళ్లు ఎక్కడున్నరు?’ అని చూస్తాం, వాళ్ల చేతులు పట్టుకుంటాం. ఆ రోజు జనం ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. లెక్చరర్లు, లాయర్లు, హమాలీలు, హాస్టల్ పిల్లలు, అందరూ ఇంటివాళ్లలాగే నిలబడ్డారు. రాష్ట్రం ఇంకా రాలేదు, దానికి ఇంకో మూడేళ్లు పట్టింది. చూడకుండానే పోయాడన్న మాట ఆ రోజు ఎన్ని నోళ్ల నుంచి విన్నానో.

కవి కాళోజీ నారాయణరావు గారిది ఇంకో తీరు. శాసనమండలి సభ్యుడిగా కూడా చేశారు గాని ఆయన్ని ఎవరూ రాజకీయ నాయకుడని పిలవలేదు. 2002 నవంబర్ 13న పోయారు, దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. కట్టె లేదు, బూడిద లేదు, పదకొండొద్దులకు పోయి నిలబడడానికి గుంట లేదు. అలవాటు పడిన కాళ్లకు ఎక్కడికి పోవాలో తెలియక జనం కొంత తికమక పడ్డారు. ఇప్పుడు మన జిల్లాలో ఏ నాయకుడు పోయినా ఫ్లెక్సీ మీద ఒక మాట వేస్తారు, గమనించావా? ‘పుట్టుక నీది, చావు నీది, బతుకంతా దేశానిది.’ అది కాళోజీ మాట, లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ గురించి అన్నది. ఇప్పుడు వార్డు మెంబర్ దగ్గర్నుంచి అందరి ఫొటోల కిందా అదే. మీ సభ ఫ్లెక్సీ మీద దయచేసి వేయకు. వేయాలనిపిస్తే ముందు ఆ మాట ఆయనకు సరిపోతుందా అని ఒక నిమిషం ఆలోచించు.

జనం వచ్చి ఏడవలేని చావులు కూడా చూశాం. మన లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగిన పీవీ నరసింహారావు 2004 డిసెంబర్ 23న ఢిల్లీలో పోతే, దహనం హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగింది. వంగరకు రాలేదు. దేశానికి ప్రధాని అయిన మనిషికి అప్పుడు దక్కాల్సినంత దక్కలేదన్న బాధ ఈ దిక్కు చాలామందిలో మిగిలిపోయింది. శతజయంతి అని 2020 నుంచి ఏడాది పాటు రాష్ట్ర ప్రభుత్వం చేసిన ఉత్సవాలు, 2024లో వచ్చిన భారతరత్న, ఇవన్నీ నా కంటికి ఆలస్యంగా చేసిన దినాల్లాగే కనబడ్డాయి. కరోనాలో సంగతి మరీ ఘోరం. 2021 ఏప్రిల్‌లో ములుగు దిక్కు నుంచి మంత్రిగా చేసిన అజ్మీరా చందూలాల్, అదే నెలలో కరీంనగర్ మాజీ మంత్రి ఎమ్మెస్సార్ (ఎం. సత్యనారాయణరావు) పోయారు. వేల ఇళ్ల చావులకు పోయివచ్చిన మనుషులు. వాళ్ల చావుకు పోవడానికి వీల్లేదు, జనం గుమిగూడొద్దన్న కాలం. తండాల్లో, ఊళ్లలో జనం ఫోన్లో ఫొటో పెట్టుకుని ఊరుకున్నారు. బాకీ తీర్చుకోలేని బాధ ఎట్లా ఉంటుందో అప్పుడు చూశాను.

అధికార లాంఛనాల గురించి కూడా నువ్వు ఒక మాట అడిగావు, మీ ఎమ్మెల్యేకు ఎందుకు చేయలేదని. అది ప్రభుత్వం నిర్ణయించాలి. పైనుంచి ఆదేశం వస్తే కలెక్టర్, పోలీసులు ఏర్పాటు చేస్తారు. ఏఆర్ (సాయుధ) పోలీసులు వరసగా నిలబడి గాలిలోకి తుపాకులు పేలుస్తారు, బ్యూగిల్ ఊదుతారు. మాజీలందరికీ అది దక్కదు. దానికోసం మీ కార్యకర్తలు కలెక్టరేట్ ముందు కూర్చున్నారని రాశావు, వాళ్ల బాధ నాకు అర్థమైంది. కానీ ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. లాంఛనాలు లేని చోట శవం మీద జాతీయ జెండా కప్పకూడదు. సైన్యం, పారామిలటరీ, ప్రభుత్వ లాంఛనాల అంత్యక్రియలకే ఆ అనుమతి. మిగతా చోట కప్పితే జాతీయ చిహ్నాలను అవమానించకుండా తెచ్చిన 1971 చట్టం కింద నేరం అవుతుంది. కప్పినప్పుడు కూడా కాషాయం తల దిక్కు ఉండాలి, చితికి నిప్పు పెట్టకముందే తీసి మడవాలి, జెండాను కాల్చకూడదు, గుంటలోకి దించకూడదు. పార్టీ జెండా మీ ఇష్టం. నర్సంపేట నుంచి ఐదుసార్లు గెలిచిన కమ్యూనిస్టు నాయకుడు మద్దికాయల ఓంకార్ లాంటి వాళ్లకు ఎర్రజెండా, జోహార్లు ఉంటే చాలు, జనం తుపాకుల మోత కోసం చూడలేదు.

ఇక నీ సభ. పదకొండో రోజు కుటుంబం పెద్దకర్మ చేసుకుంటుంది, ఆ రోజు పెట్టకు. అది వాళ్ల రోజు, అక్కడికి మీరే పోవాలి. నెల మాసికం దాటాక ఒక సాయంత్రం పెట్టుకోండి. కూలి పనుల నుంచి ఆడవాళ్లు వచ్చి, వంట చేసుకుని, బయటికి రావడానికి ఏడున్నర అవుతుంది. ఐదింటికి పెడితే వేదిక మీదివాళ్లే ఉంటారు. మైకుకు పోలీస్ స్టేషన్‌లో ముందే కాగితం ఇవ్వండి, రాత్రి పది దాటితే మైకు బంద్.

వేదిక దగ్గరే గొడవ వస్తుంది. ఎవరిని పైకి పిలిచారు, ఎవరిని పిలవలేదు, ఎవరి పేరు ముందు చదివారు. ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఎంత సైజు. చనిపోయినాయన ఫొటో మూలకు ఇంత, బతికున్నవాళ్ల ఫొటోలు నిండా ఇంతింత, అట్లాంటి ఫ్లెక్సీలు నేను సంస్మరణ సభల్లో కూడా చూశాను. నా మాట వింటే అసలు వేదికే వద్దు. కింద చాపలు, ఒక బల్ల మీద ఫొటో, దీపం. అందరూ చాపల మీదే. ఎవరైనా మాట్లాడాలనుకుంటే లేచి మాట్లాడతారు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. సేవలు చెప్పొద్దని, ఆయన తమ ఇంటికి ఎప్పుడు వచ్చాడో అది మాత్రమే చెప్పమని ముందే అడుగు. మొదట ఎవరూ లేవరు. ఒకరు లేస్తే ఆ తర్వాత ఆపడం నీ వల్ల కాదు. రెండు నిమిషాల మౌనం అంటారు కదా, గడియారం చూసే పని ఒకరికి అప్పజెప్పు. నేను చూసిన మౌనాల్లో ఒక్కటి కూడా నిమిషం దాటలేదు.

ఇంకో జాగ్రత్త, ఇది నా సొంత తప్పు లోంచి చెబుతున్నాను. మీ వాట్సాప్ గ్రూపులో ఎవరి చావు వార్త వచ్చినా ఇంటివాళ్ల నోటి నుంచి వినకుండా ‘రిప్’ అని పెట్టొద్దు. తొంభైల్లో ఒక నాయకుడు హైదరాబాద్ ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నాడు. రాత్రి తొమ్మిదింటికి ఆయన అనుచరుడొకడు ఏడుస్తూ ఫోన్ చేస్తే నేను నమ్మి డెస్కుకు చెప్పేశాను. పొద్దున జిల్లా పేజీలో ‘కన్నుమూత’ అని వచ్చింది. ఆయన కన్ను మూయలేదు, లేచి ఇంటికి వచ్చాడు. ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. ఎక్కడ కలిసినా నలుగురిలో నవ్వుతూ అడిగేవాడు, ‘ఏందయ్యా, నా పదకొండొద్దులు ఎప్పుడు పెట్టిస్తున్నవ్?’ నాకు భూమిలోకి పోవాలనిపించేది.

ఆ మధ్యలోనే మా అమ్మ పోయింది. వానాకాలం. మా వాకిట్లో మడమ లోతు నీళ్లు. సాయంత్రం ఎవరో వచ్చి ‘సారు వచ్చిండు’ అన్నారు. ఆయనే. ఒంట్లో బాగాలేదు, ఇద్దరు పట్టుకుంటే నడిచి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మా గడప లోపల చాప మీద కూర్చున్నాడు. ఆ వార్త సంగతి ఎత్తలేదు, నవ్వలేదు. ‘అమ్మకు ఎన్నేండ్లు?’ అని అడిగాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎంతసేపు చెప్పానో తెలియదు, ఆయన కదలలేదు.

ఆయన నిజంగా పోయిన రోజు వార్త నేను రాయలేదు. వేరే మండలం విలేకరికి చెప్పి, లైన్లో నిలబడ్డాను. నా ముందు ఒక హమాలీ, నా వెనక ఇద్దరు ఆడవాళ్లు. గేటు దగ్గర పోలీసులు నన్ను గుర్తుపట్టి ‘ప్రెస్ ఇటు’ అన్నారు. లైన్లోనే ఉంటానన్నాను.

అందుకే మీ అమ్మకు ఆయనతో పరిచయం లేదన్న నీ మాట నేను నమ్మలేకపోతున్నాను. సభకు ముందు రోజు రాత్రి పనులన్నీ అయ్యాక ఆమె దగ్గర కూర్చుని అడుగు, ఆయన మన ఇంటికి ఎప్పుడు వచ్చిండు అని. మీ తాతో నాయనమ్మో పోయినప్పుడు నువ్వు చిన్నపిల్లాడివై ఉంటావు, గుర్తుండకపోవచ్చు. ఆమె చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసుకో. సభలో ఎవరూ లేవనప్పుడు మొదట అదే చదువు. పేరు చెప్పొద్దంటే చెప్పకు.